ఏ మాపకం, ఏ రోజు: హైదరాబాద్ పాత వానల లెక్కల కోసం నేను తిరిగిన దారి

2020 అక్టోబరు 13 రాత్రి ఉప్పల్‌కు దగ్గరలోని మా కాలనీలో నేల అంతస్తుల్లోకి నడుము లోతు నీళ్లు వచ్చాయి. చిత్త కార్తెలో అంతటి వాన మా వీధిలో పెద్దవాళ్లకు కూడా గుర్తులేదు. బురద ఎత్తిపోసుకున్న కొన్ని వారాలకు కాలనీ సంక్షేమ సంఘం తరఫున నాలాను, అంటే వాననీరు పోయే కాలువను, వెడల్పు చేయించమని మేము వినతిపత్రం ఇచ్చినప్పుడు, దాన్ని తీసుకున్న ఇంజనీరుగారు మమ్మల్ని కూర్చోబెట్టి, "ఇది వందేళ్లలో రాని వానండీ, ఇటువంటిదానికి సరిపడా నాలా కట్టడం ఎవరివల్లా కాదు" అన్నారు. ఆయన మమ్మల్ని వదిలించుకోవడానికి అన్న మాట కాదది, నిజంగా నమ్మే అన్నారు. నేను కూడా ఇంజనీరునే, అయితే నా పని భవనాల డిజైను. నీటి లెక్కలు కాలేజీలో చదివి వదిలేసినవి. అయినా వందేళ్లలో రాలేదని చెప్పాలంటే వందేళ్ల వాన లెక్క ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి కదా, దాన్ని చూసి వద్దాం అనుకున్నాను. పది రోజుల్లో అయిపోతుందనుకున్న ఆ పని పూర్తి కావడానికి దాదాపు ఏడాదిన్నర పట్టింది. తమ ఊరి పాత వర్షపాతం కోసం వెతికేవారికి పనికొస్తుందని ఆ దారి ఇక్కడ రాస్తున్నాను.

మొదట చేసింది అందరూ చేసేదే. ఇంటర్నెట్‌లో హైదరాబాద్ సగటు వర్షపాతం ఎంతో వెతికాను. ఒకచోట 770 మిల్లీమీటర్ల చిల్లర, ఇంకోచోట 800 పైన, మరొకచోట ఇంకా ఎక్కువ కనిపించింది. ఎవరో తప్పు రాశారని మొదట అనుకున్నాను గానీ, తర్వాత అర్థమైందేమిటంటే, సగటు అన్నది ఏ కాలానిది అన్నదాన్ని బట్టి మారుతుంది. వాతావరణ శాఖ "సాధారణ వర్షపాతం" అని చెప్పేది ముప్పై ఏళ్ల సగటు; 1951 నుంచి 1980 వరకు ఒకటి, 1961 నుంచి 1990 వరకు ఒకటి, 1971 నుంచి 2000, 1981 నుంచి 2010, 1991 నుంచి 2020 వరకు, ఇలా ఒక్కో పట్టికకూ ఒక్కో కాలం ఉంటుంది. ఏ కాలమో చెప్పకుండా ఇచ్చిన సగటును నేను ఆ రోజు నుంచి నమ్మడం మానేశాను. పైగా నాకు కావలసింది సగటు కాదు. కాలనీని ముంచేది ఏడాది మొత్తం మీద కురిసిన వాన కాదు, ఒక్క రాత్రి కురిసింది. అందువల్ల రోజువారీ లెక్కలు, వీలైనన్ని ఎక్కువ ఏళ్లవి, ఒకే చోట కొలిచినవి కావాలి.

రోజువారీ లెక్కలు ఉచితంగా దొరికే పెద్ద భాండాగారం అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా నిర్వహించే జీహెచ్‌సీఎన్ డైలీ. ప్రపంచంలోని వేల కేంద్రాల కొలతలు అందులో ఉన్నాయి. అక్కడ హైదరాబాద్ అని కొట్టి, వచ్చిన ఫైలు దించుకుని, ఏడాదివారీగా కూడితే మొత్తాలు 200 మిల్లీమీటర్లు కూడా దాటడం లేదు. లెక్క తప్పు చేశానేమోనని ఒక సాయంత్రమంతా సూత్రాలు తిరగేశాను. చివరికి కేంద్రం పేరు పక్కన ఉన్న అక్షాంశ రేఖాంశాలు చూస్తే అది 25 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 68 డిగ్రీల తూర్పు రేఖాంశం. అంటే సింధు నది ఒడ్డున, పాకిస్తాన్‌లో ఉన్న హైదరాబాద్. కేంద్రం సంఖ్యకు ముందు భారతదేశానికి ఐఎన్ అనీ, పాకిస్తాన్‌కు పీకే అనీ రెండు అక్షరాలు ఉంటాయి, వాటిని నేను గమనించలేదు. అప్పటి నుంచి ఏ ఫైలు తెరిచినా ముందు అక్షాంశ రేఖాంశాలను మ్యాపులో పెట్టి, ఆ చుక్క ఎక్కడ పడిందో కళ్లతో చూశాకే అంకెల జోలికి వెళుతున్నాను.

మన హైదరాబాద్ దొరికిన తర్వాత ఇంకో చిక్కు వచ్చింది. కేంద్రం పేరు "హైదరాబాద్ విమానాశ్రయం" అని ఉంది. ఏ విమానాశ్రయం? 2008 మార్చి వరకు అది బేగంపేట, ఆ తర్వాత శంషాబాద్. ఈ రెండింటి మధ్య పక్షి ఎగిరే దారిలో కొలిచినా ఇరవై కిలోమీటర్ల పైమాటే. ఒకే పేరు కింద సగం ఏళ్లు ఒక చోటివి, సగం ఏళ్లు ఇంకో చోటివి కలిసిపోయి ఉంటే, ఆ వరుసను చూసి వానలు పెరిగాయనో తగ్గాయనో చెప్పడానికి వీలుండదు. ప్రపంచ వాతావరణ సంస్థ ప్రతి కేంద్రానికీ ఇచ్చే అయిదంకెల సంఖ్య ఇక్కడ ఆదుకుంది. 43128 అంటే బేగంపేట. విమానాలు వెళ్లిపోయినా వాతావరణ కేంద్రం అక్కడే ఉంది, వానను కొలిచే మాపకం కదలలేదు. కానీ విమానాశ్రయాల సంకేతాలను ఆధారం చేసుకున్న పట్టికల్లో జాగ్రత్త పడాలి. హెచ్‌వైడీ అన్న మూడక్షరాల గుర్తు బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారిపోయింది, వీఓహెచ్‌వై అన్న నాలుగక్షరాల గుర్తు మాత్రం బేగంపేటకే మిగిలింది. విశాఖపట్నం కోసం వెతికిన ఒక మిత్రుడికి కూడా ఇదే ఎదురైంది. అక్కడ వాల్తేరులో ఒక కేంద్రం, విమానాశ్రయంలో ఇంకొకటి ఉన్నాయి. ఒకటి సముద్రపు ఒడ్డున ఎత్తు మీద, మరొకటి లోపలికి, పల్లంలో. ఊరి పేరు ఒకటే అయినంత మాత్రాన వాన ఒకటి కాదు.

ఇంత చేసి బేగంపేట ఫైలు స్ప్రెడ్‌షీట్‌లో పెడితే, 1970 తర్వాత కొన్నేళ్లు భయంకరమైన కరువు వచ్చినట్లు కనిపించింది. 1972లో నిజంగానే దేశమంతా కరువు కనుక నేను దాన్ని నమ్మేశాను కూడా. నన్ను సరిదిద్దింది మా బావమరిది. అతను నల్గొండ జిల్లాలో ఒక మండల కార్యాలయంలో పనిచేస్తాడు, అక్కడి వర్షమాపకం చూసే బాధ్యత కొంతకాలం అతనిదే. ఒక ఆదివారం వెళ్లినప్పుడు కార్యాలయం వెనక కంచె లోపల ఉన్న ఆ మాపకాన్ని నాకు విప్పి చూపించాడు. చిన్న సిమెంటు గద్దె మీద, నేలకు అడుగు ఎత్తులో అంచు ఉండేలా బిగించిన గుండ్రటి పాత్ర. పైన గరాటు, లోపల నీళ్లు చేరే సీసా. అయిదంగుళాల వ్యాసం ఉన్న ఆ పాత నమూనాను సైమన్స్ మాపకం అంటారు. ఇప్పుడు చాలాచోట్ల ఫైబరుతో చేసినవి వచ్చాయి. ఉదయం ఎనిమిదిన్నరకు సీసాలోని నీళ్లను గీతలున్న గాజు జాడీలోకి వంచి, కంటిని నీటి మట్టానికి సరిగ్గా తెచ్చి, పదో వంతు మిల్లీమీటరు దాకా చదవాలి. జాడీలో నీటి అంచు కొద్దిగా పైకి వంగి ఉంటుంది, చదవవలసింది వంపు అడుగుభాగాన్ని. అతను రిజిస్టరు తెరిచి ఒక పేజీ మీద వేలు పెట్టి, "బావా, వాన పడని రోజు సున్నా రాయాలి. కొలవని రోజు ఖాళీ వదలాలి. ఈ రెండూ ఒకటే అనుకున్నావా, పుస్తకం మొత్తం పాడైనట్టే" అన్నాడు.

నా స్ప్రెడ్‌షీట్ చేసింది సరిగ్గా అదే పొరపాటు. ఖాళీ గళ్లను సున్నాలుగా కూడేసింది. మూల ఫైలులో అయితే కొలత లేని రోజుకు మైనస్ 9999 అని రాసి ఉంటుంది, వాన పదో వంతు మిల్లీమీటర్లలో ఉంటుంది. అంటే 2415 అని కనిపిస్తే అది 241.5 మిల్లీమీటర్లు. నేను దించుకున్న సులభమైన రూపంలో ఆ మైనస్ అంకెలు ఖాళీలైపోయాయి. ఒక్కో నెలలో ఎన్ని రోజులకు కొలత ఉందో లెక్కపెట్టే వరుస ఒకటి పక్కన చేర్చాక, నేను కరువనుకున్న ఏళ్లలో జూలై, ఆగస్టు నెలలు సగానికి సగం ఖాళీ అని తేలింది. భారతదేశపు చాలా కేంద్రాల విషయంలో ఆ భాండాగారంలో 1970 దాకా లెక్క నిండుగా ఉండి, ఆ తర్వాత పలచబడుతుంది. దీని వల్ల ఒక నియమం పెట్టుకున్నాను: జూన్ నుంచి అక్టోబరు వరకు ఉన్న 153 రోజుల్లో పది రోజులకు మించి ఖాళీ ఉన్న ఏడాదిని పెద్ద వానల లెక్కలోకి తీసుకోకూడదు. ఎందుకంటే ఆ ఏడాది పెద్ద వాన ఆ ఖాళీల్లోనే పడి ఉండవచ్చు. నిజానికి కుండపోత రోజునే దారులు మునిగి, కరెంటు పోయి, కొలిచే మనిషి రాలేకపోయే అవకాశం ఎక్కువ.

తేదీ గురించి మా కాలనీలోనే ఒక చిన్న వాదం జరిగింది. నేను తయారుచేసిన మొదటి పట్టికలో 2020 వానకు ఎదురుగా అక్టోబరు 14 అని ఉంది, అంకె 191.8 మిల్లీమీటర్లు. మా సంఘం కార్యదర్శిగారు దాన్ని చూసి, "నీళ్లు వచ్చింది 13 రాత్రి కదండీ, 14న వాన ఎక్కడిది, పట్టికలో తేదీయే తప్పుంటే ఇంకేం నమ్ముతారు" అని నిలదీశారు. ఆయన జ్ఞాపకమూ సరైనదే, పట్టికా సరైనదే. మన దేశంలో వాన రోజు అంటే ఉదయం ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఉదయం ఎనిమిదిన్నర వరకు, ఆ మొత్తాన్ని కొలిచిన రోజు తేదీ కింద రాస్తారు. 13 సాయంత్రం, రాత్రి కురిసింది 14 ఉదయం కొలిచారు కనుక అది 14 ఖాతాలో పడింది. 2000 ఆగస్టు 24 కింద ఉన్న 241.5 మిల్లీమీటర్లు కూడా అలాంటిదే. బేగంపేటలో ఒక్క రోజులో నమోదైన అత్యధిక వర్షపాతం అది. ఉపగ్రహాల అంచనాలలోనూ, విదేశీ పట్టికలు కొన్నింటిలోనూ రోజు గ్రీనిచ్ సమయం ప్రకారం, అంటే మన గడియారంలో ఉదయం అయిదున్నరకు మొదలవుతుంది. అందువల్ల ఒకే వాన ఒక పట్టికలో ఒక రోజు కింద, ఇంకొక పట్టికలో రెండు రోజులకు చీలి కనిపించవచ్చు. రెండు మూలాలను పోల్చేటప్పుడు ఒక రోజుకు ఒక రోజు కాకుండా, వరుసగా మూడు రోజుల మొత్తాలు కూడా పక్కపక్కన పెట్టి చూడడం నాకు మేలు చేసింది.

ఖాళీలు పూడ్చడానికి రెండు దారులు కనిపించాయి. ఒకటి, వాతావరణ శాఖ పుణె కార్యాలయం వెబ్‌సైటులో ఉచితంగా పెట్టిన గ్రిడ్ లెక్కలు. దేశాన్ని పావు డిగ్రీ గళ్లుగా, అంటే ఇంచుమించు 27 కిలోమీటర్ల చదరాలుగా విభజించి, 1901 నుంచి ప్రతి రోజుకూ ప్రతి గడికీ ఒక వాన అంకె ఇచ్చారు. దీన్ని తయారుచేయడానికి 6,955 మాపకాల లెక్కలు వాడారు. ఒక్కో ఏడాదికి ఒక్కో ఫైలు, అందులో రోజుకు 135 నిలువు వరుసలు, 129 అడ్డు వరుసలు. ఇది మామూలుగా తెరుచుకునే ఫైలు కాదు గానీ, పైథాన్ భాషలో దీని కోసమే రాసిన ఐఎండీలిబ్ అన్న ఉచిత ఉపకరణం ఉంది. మా అమ్మాయి ఇంజనీరింగ్ మూడో ఏడాది చదువుతోంది, ఒక గంటలో ఆ పని చేసిపెట్టింది. భూభాగం కాని చోట మైనస్ 999 ఉంటుందని, దాన్ని కూడికలోకి రానివ్వకూడదని ఈసారి నేనే ముందుగా హెచ్చరించాను.

గ్రిడ్ లెక్కలో ఖాళీలు లేకపోవడం పెద్ద సౌకర్యం. అయితే ఆ అంకె ఏ మాపకంలోనూ పడిన నీళ్లు కాదని గుర్తుంచుకోవాలి. చుట్టుపక్కల మాపకాల నుంచి దూరాన్ని బట్టి లెక్కగట్టిన విలువ అది. ఏడాది మొత్తాలకు, కరువు ఏళ్ల పోలికకు అది చక్కగా సరిపోతుంది గానీ, ఒక్క రాత్రి కురిసిన కుండపోత దగ్గరకు వచ్చేసరికి శిఖరం అరిగిపోతుంది. బేగంపేట, ఉప్పల్ రెండూ 17.5 అక్షాంశం, 78.5 రేఖాంశం దగ్గరి గడిలో పడతాయి. శంషాబాద్ దక్షిణాన ఇంకో గడిలో, ఘట్‌కేసర్ తూర్పున మరో గడిలో పడతాయి. అదే 2020 అక్టోబరు వానలో బేగంపేటలో 19 సెంటీమీటర్లు నమోదైతే ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్ల పైన నమోదైంది. మా కాలనీ ఆ రెండింటి మధ్యలో ఉంది. మా వీధి మీద ఆ రాత్రి ఎంత కురిసిందో గ్రిడ్ చెప్పలేదు, బేగంపేటా చెప్పలేదు.

రెండో దారి, వాతావరణ శాఖను నేరుగా అడగడం. పుణెలోని జాతీయ దత్తాంశ కేంద్రం అసలు కొలతలన్నింటినీ భద్రపరుస్తుంది. వాటి కోసం వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకుని, ఏ కేంద్రం, ఏ కాలం, ఏ అంశం కావాలో ఎంచుకుని, ఎందుకు కావాలో రాసి, రుసుము కట్టి, తీసుకున్న లెక్కలను ఇతరులకు ఇవ్వబోనని హామీపత్రం ఇవ్వాలి. నేను మొదటిసారి "హైదరాబాద్ వర్షపాతం, అన్ని సంవత్సరాలు" అని రాసి పొరపాటు చేశాను. అలా అడిగితే ఎవరైనా ఏం ఇవ్వగలరు? కేంద్రం సంఖ్య, మొదటి ఏడాది, చివరి ఏడాది, రోజువారీ వర్షపాతం అని విడివిడిగా రాశాక పని నడిచింది. అప్పటికే ఉచిత ఫైలులో ఏ ఏళ్లు ఖాళీగా ఉన్నాయో నా దగ్గర పట్టిక ఉంది కనుక ఆ ఏళ్లకే అడిగి ఖర్చు తగ్గించుకున్నాను. హామీపత్రం ప్రకారం ఆ రోజువారీ అంకెలను నేను ఎక్కడా పెట్టను. ఎవరికి కావలసినవి వారు ఇదే దారిలో తెచ్చుకోవచ్చు.

నాకు బాగా ఇష్టమైన భాగం ఇంకా వెనక్కి వెళ్లడం. ఇంజనీరుగారు వందేళ్లు అన్నప్పుడే నా మనసు 1908 మూసీ వరద మీదకు పోయింది. ఆ సెప్టెంబరు 28 నాటి కథ హైదరాబాద్‌లో వినని ఇల్లు ఉండదు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి ఎంతోమంది బతికిన కథ మా అత్తగారు కూడా చెప్పేవారు. అప్పటి వానల లెక్కల కోసం పాత ప్రభుత్వ నివేదికలు వెతికాను. కొన్ని స్కాన్ చేసిన రూపంలో దొరికాయి, కొన్నింటి కోసం తార్నాకలోని రాష్ట్ర పురాలేఖన భాండాగారానికి వెళ్లాను. పాత కాగితం మీద అంగుళాలు, సెంట్లు. వంద సెంట్లు ఒక అంగుళం, అంగుళం 25.4 మిల్లీమీటర్లు. స్కాన్ చేసిన పుస్తకాల్లో అక్షరాలను కంప్యూటరు గుర్తించిన రూపం మీద ఆధారపడకూడదని ఇక్కడ నేర్చుకున్నాను. 8ని 3గా చదవడం, చుక్క ఎగిరిపోయి 3.05 కాస్తా 305 కావడం ప్రతి పేజీలోనూ ఉన్నాయి. అడ్డు వరుసలు కూడి చివర అచ్చువేసిన మొత్తంతో సరిపోల్చడమే దీనికి మందు. సరిపోని వరుస కనిపిస్తే బొమ్మను పెద్దది చేసి ఒక్కో అంకెనూ కళ్లతో చదివాను.

నన్ను అన్నింటికంటే ఎక్కువ తికమక పెట్టింది ఏడాది అన్న మాటే. నిజాం రాజ్యంలో ప్రభుత్వ లెక్కలు ఫసలీ సంవత్సరాల్లో, అంటే శిస్తు లెక్కల కోసం వాడే సంవత్సరాల్లో, నడిచేవి. హైదరాబాద్ ఫసలీ ఆజుర్ నెల మొదటి రోజున, అంటే మన అక్టోబరు 6 ప్రాంతంలో మొదలవుతుంది. ఫసలీకి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లిషు సంవత్సరం వస్తుంది. ఆ లెక్కన 1908 సెప్టెంబరు చివరి వరద 1317 ఫసలీలో చివరి నెల అయిన ఆబాన్‌లో పడుతుంది. 1318 ఫసలీ అంటే 1908 అని తొందరపడి ఆ పట్టికలో వరద కోసం వెతికితే కనబడదు. నేను ఒక పూట అలాగే వెతికాను. వేరుగా, మద్రాసు ప్రెసిడెన్సీ రెవెన్యూ లెక్కల్లోని ఫసలీ జూలై 1న మొదలవుతుంది, ఆంధ్ర జిల్లాల జమాబందీలో, అంటే ఏటా జరిగే శిస్తు లెక్కల పరిష్కారంలో, అదే కొనసాగింది. అందువల్ల కర్నూలు ఫసలీ మొత్తాన్ని, దాని పక్కనే ఉన్న మహబూబ్‌నగర్ ఫసలీ మొత్తాన్ని ఒకే సంఖ్య ఉంది కదా అని పక్కపక్కన పెట్టకూడదు. ఒకదానికి నైరుతి రుతుపవనాల వానలు ఏడాది మొదట్లో వస్తే, మరొకదానికి చివర్లో వస్తాయి. ఉర్దూలో ఉన్న కొన్ని శీర్షికలు చదివిపెట్టడానికి మా వీధిలోని విశ్రాంత ఉపాధ్యాయుడొకరు రెండు రోజులు నాతో వచ్చారు. నెలల పేర్లు ఆయన వల్లెవేస్తుంటే నేను రాసుకున్నాను: ఆజుర్, దై, బహమన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ...

1908 వరద తర్వాత నగర రక్షణకు పథకం వేసిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు దాని గురించి రాసిన అంకెలు చూశాక నా వెతుకులాట దిశే మారింది. ఆయన చెప్పిన పెద్ద వాన హైదరాబాద్ నగరంలోది కాదు, శంషాబాద్‌లోది: 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాలు. అంటే 325, 480 మిల్లీమీటర్లు. నగరంలో నమోదైన వాన అంతకంటే చాలా తక్కువ. మూసీ పరీవాహక ప్రాంతంలో ఉన్న 788 చెరువుల్లో 221 తెగాయని కూడా ఆయన రాశారు. నగరాన్ని ముంచిన నీళ్లు నగరంలో కురిసినవి కావు, పైనుంచి వచ్చినవి. అంటే "హైదరాబాద్ వర్షపాతం" అన్న ఒక్క వరుసను మాత్రమే పట్టుకుని కూర్చుంటే, ఈ నగర చరిత్రలోని అతి పెద్ద వరద ఆ వరుసలో దాని నిజమైన స్థాయిలో కనిపించనే కనిపించదు. మా నాలా కూడా పైన రెండు చెరువుల అలుగుల నుంచి వచ్చే గొలుసులో భాగమే కనుక, ఆ తర్వాత నేను మా కాలనీ మీద కురిసేదాని కంటే ఎగువన కురిసేదాని కోసం ఎక్కువ వెతికాను.

అసలు ప్రశ్నకు జవాబు ఇంత తిరిగాక చాలా సూటిగా దొరికింది. 2020 అక్టోబరు 14 ఉదయం బేగంపేటలో కొలిచిన 191.8 మిల్లీమీటర్లు నిజంగానే వందేళ్లకు పైబడిన రికార్డు, అయితే అక్టోబరు నెలకు మాత్రమే. అంతకు ముందు అక్టోబరులో ఒక్క రోజు అత్యధికం 1903లో పడిన 117.1 మిల్లీమీటర్లు. వార్తల్లో "అక్టోబరులో" అన్న ఒక్క మాట నోటి నుంచి నోటికి వెళ్లేటప్పుడు జారిపోయి "వందేళ్లలో రాని వాన" అయింది. అన్ని నెలలూ కలిపి చూస్తే దాని కంటే పెద్దది 2000 ఆగస్టులోనే ఉంది, అంటే ఈ వానకు ఇరవై ఏళ్ల ముందే. నాలాకు అది ఏ నెల అన్నది అనవసరం. ప్రతి ఏడాదికీ అతి పెద్ద ఒక్క రోజు వానను తీసి, పెద్దదాని నుంచి చిన్నదాకా వరుసపెట్టి, ఎన్నేళ్లకొకసారి ఎంత వాన రావచ్చో గంబెల్ పద్ధతి అనే గణాంక పద్ధతిలో లెక్క కట్టాను. 2000 నాటి అంకెను చేర్చినప్పుడు ఒక జవాబు, తీసేస్తే ఇంకో జవాబు వచ్చాయి. ఆ తేడాను దాచకుండా, ఇంజనీరుగారికి ఇవ్వడానికి పట్టికలతో తయారుచేసిన నోటులో రెండూ పెట్టాను.

ఈ లెక్కలు నాలా డిజైనుకు సరిపోతాయా అంటే సరిపోవు, ఆ మాట కూడా నోటులోనే రాశాను. 24 గంటల్లో 190 మిల్లీమీటర్లు రోజంతా ముసురుగా పడితే మా నాలా తట్టుకుంటుంది; అందులో 60 ఒక్క గంటలో పడితే తట్టుకోదు. చిన్న నాలాలకు కావలసింది పావుగంట, అరగంట, గంట లెక్కలు. బేగంపేట వంటి ప్రధాన కేంద్రాల్లో డ్రమ్ము మీద చుట్టిన కాగితం మీద కలం గీసుకుంటూ పోయే స్వయం నమోదు మాపకాలు ఉండేవి, గంటవారీ లెక్కలు వాటి నుంచే తీశారు. తెలంగాణ ప్రణాళికాభివృద్ధి సొసైటీ నెలకొల్పిన ఆటోమేటిక్ కేంద్రాలు ఇప్పుడు నగరమంతటా ఉన్నాయి, వాటి కొలతలు గంటగంటకూ అందుతాయి. మా కాలనీకి దగ్గరి కేంద్రం మూడు కిలోమీటర్లలోపే ఉంది గానీ దానికి ఉన్న చరిత్ర కొన్నేళ్లదే. నూరేళ్ల లెక్క ఉన్న చోటు దూరంగా ఉంది, దగ్గరగా ఉన్న చోటుకు నూరేళ్లు లేవు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్న ఏళ్లను తీసుకుని, పెద్ద వానల రోజుల్లో ఒకటి ఇంకొకదానికి ఎంత దగ్గరగా నడిచిందో చూపే చిన్న పట్టిక ఒకటి జతచేశాను.

ప్రతి పట్టిక నెత్తిన నాలుగు సంగతులు తప్పకుండా రాశాను: మాపకం ఎక్కడుంది, దాని సంఖ్య ఎంత, రోజు ఎప్పటి నుంచి ఎప్పటివరకు, ఖాళీ రోజులు ఎన్ని. కార్యదర్శిగారు తేదీ గురించి మళ్లీ అడగలేదు. మేము రెండోసారి వెళ్లినప్పుడు ఆ ఇంజనీరుగారు కాగితాలు నిదానంగా తిరగేసి, 2000 ఆగస్టు వరుస దగ్గర ఆగి, తాను అప్పటికింకా ఈ నగరానికి రాలేదని చెప్పి, పట్టికకు ఒక నకలు ఇమ్మన్నారు. అందులో రుసుము కట్టి తెచ్చిన రోజువారీ అంకెలను తీసేసి, మిగిలినది ఇచ్చి వచ్చాను. ఎగువ చెరువుల దగ్గర ఏ మాపకం ఉంది, ఎప్పటి నుంచి ఉంది అన్నది ఆయన కనుక్కుంటానన్నారు.